జాజ్, కీర్తన, వంత పాడేవాళ్లు

ఒడిశా సరిహద్దులో తెలుగువాళ్లున్న పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం లాంటి ఊళ్లలో క్రైస్తవ ఆరాధన ఒక తరం తిరిగేసరికి బాగా మారింది. ఆ మార్పు ప్రసంగంలో కన్నా పాటలో ఎక్కువ తెలుస్తుంది. ఒకప్పుడు డోలక్, కంజీర, తాళాలు, కుదిరితే ఒక హార్మోనియం ఉండేవి. ఇప్పుడు చాలా సంఘాల్లో కీబోర్డు, రిథమ్ ప్యాడ్, నాలుగైదు మైకులు, రెండు పక్కలా పెద్ద స్పీకర్లు ఉన్నాయి. కొన్నిచోట్ల ట్రాక్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో సిద్ధంగా ఉంటుంది. వేదిక మీద పాడేవాళ్లు బాగానే సాధన చేసి వస్తారు, శ్రుతి తప్పరు. కానీ కింద కూర్చున్న మనిషికి పక్కవాళ్ల గొంతు వినపడదు. తన గొంతు తనకే వినపడదు. రెండో చరణం వచ్చేసరికి సగం మంది పాడటం మానేసి చూస్తూ ఉంటారు.

ఈ పరిస్థితి గురించి ఆలోచించడానికి అమెరికా నల్లజాతి ప్రజల జాజ్ సంగీతం చాలా పనికొస్తుంది. వినడానికి కాస్త వింతగా ఉండొచ్చు. జాజ్ అంటే మన దగ్గర చాలామందికి పెద్ద హోటళ్లలో వాయించే సంగీతం, లేదా ఎటు పోతోందో అంతుపట్టని శాక్సాఫోన్. అది పెరిగిన చోట్లలో సారా కొట్లు, అంతకన్నా చెడ్డపేరున్న వీధులు కూడా ఉన్నాయన్నది నిజమే. అయినా దాని వేళ్లలో ఒకటి బలంగా చర్చిలోనే ఉంది. ముందు నిలబడ్డ ఒక్కడికి వెనకున్న నలుగురూ ఎలా ఆసరా ఇవ్వాలి, ఆ ఒక్కడు ఎప్పుడు తప్పుకోవాలి అన్నదాన్ని జాజ్ పట్టించుకున్నంతగా పట్టించుకున్న కళలు తక్కువ. సంఘమంటే పాడేవాళ్ల కన్నా ముందు వంత అందుకునేవాళ్లని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఆ వేరు ఎక్కడిదో చూద్దాం. 1640ల్లో ఇంగ్లండులో ప్యూరిటన్లు (అక్కడి చర్చిని సంస్కరించాలనుకున్న ప్రొటెస్టంట్లు) రాసుకున్న ఆరాధన క్రమంలో ఒక సూచన ఉంది. సంఘంలో చదవడం రానివాళ్లు ఎక్కువమంది ఉంటే, పాస్టరు గానీ తగిన మరొకరు గానీ కీర్తనను ఒక్కో పంక్తి ముందుగా చదివి చెప్పాలి, అప్పుడు అందరూ పాడాలి. ఇది కేవలం పుస్తకాల కొరత తీర్చుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు. అట్లాంటిక్ దాటి అమెరికా వెళ్లాక, బానిసలకు చదువు చెప్పడమే చాలా దక్షిణాది రాష్ట్రాల్లో నేరమైన కాలంలో, ఇదే పద్ధతి నల్లవాళ్ల చేతుల్లో మరో ప్రాణం పోసుకుంది. ఒకడు పంక్తి అందిస్తాడు. గుంపు దాన్ని అందుకుని సాగదీసి, ఎవరి గమకం వాళ్లు వేసుకుంటూ తిరిగి ఇస్తుంది. ఆఫ్రికా నుంచి వాళ్లు తెచ్చుకున్న పాటల్లోనూ ఈ పిలుపు, ఈ బదులు ఉన్నాయి. రెండూ కలిసిపోయాయి. పొలం పాటల్లో, ఆధ్యాత్మిక గీతాల్లో, నల్లవాళ్ల విషాద గీతాలైన బ్లూస్‌లో, చివరికి జాజ్‌లో ట్రంపెట్ ఒక మాట అంటే క్లారినెట్ బదులు చెప్పడంలో వినపడేది ఇదే.

తెలుగువాళ్లకు ఇది కొత్తేమీ కాదు. బుర్రకథలో వంతలు లేకపోతే కథకుడు ఒంటరి. గంజాం జిల్లా సొంత కళ దాసకాఠియాలో కూడా ప్రధాన గాయకుడి పక్కన పాలియా ఉంటాడు. చేతిలో కర్ర ముక్కలు వాయిస్తూ మాటకు మాట అందిస్తాడు. బైబిల్‌లో 136వ కీర్తన మొత్తం ఇలాగే కట్టారు. ఇరవై ఆరు వచనాలు, ప్రతి వచనం చివర "ఆయన కృప నిరంతరముండును" అన్న అదే పంక్తి. మొదటి సగం ఒకరు చెప్పి, రెండో సగం అందరూ అంటే తప్ప ఆ కీర్తనకు పూర్తి రూపం రాదు. ఒక్కడే మైకులో మొత్తం చదివేస్తే విన్నవాళ్లకు విసుగు పుడుతుంది. ఆ విసుగుకు కారణం కీర్తన కాదు, అందులోంచి జనాన్ని తీసేయడం.

ఈ నేల మీదే పుట్టిన మరో ఉదాహరణ పురుషోత్తమ చౌదరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలోని మదనాపురంలో, బెంగాల్ మూలాలున్న బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. 1833లో కటక్‌లో బాప్తిస్మం తీసుకున్నారు. 1890లో కన్నుమూసేదాకా ఆయన రాసిన కీర్తనలు ఇప్పటికీ తెలుగు క్రైస్తవులందరి నోటా ఉన్నాయి. ఆయన కర్ణాటక సంగీతం రాగాలను, తాళాలను క్రీస్తు పాటకు వాడుకున్నారు. మన పాటల పుస్తకంలో కీర్తన పైన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి, కింద సాహిత్యం ఉంటుంది. స్వరాలు ఉండవు. మిగతాదంతా పాడేవాళ్ల చెవికి, ముందు తరం నుంచి అందిన వరసకు వదిలేశారు. అందుకే ఒకే కీర్తన కాకినాడలో ఒకలా, పర్లాకిమిడిలో మరోలా వినపడుతుంది. జాజ్ వాయించేవాళ్ల ముందుండే కాగితమూ ఇలాంటిదే. దాని మీద వరస, కార్డ్‌ల (ఒకేసారి కలిపి మోగించే స్వరాల) పేర్లు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. పాట ఎవరిదో తెలుస్తుంది, ఈ రోజు అది ఎలా పలుకుతుందో మాత్రం వాయించేవాళ్లు కలిశాకే తేలుతుంది.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. మనసుకు తోచింది వాయించడమే జాజ్ అనుకునేవాళ్లు చాలామంది. అదే నిజమైతే విశ్వాసానికి దాని నుంచి నేర్చుకోవడానికి ఏమీ ఉండదు. నిజానికి బ్లూస్ వాయించేటప్పుడు పన్నెండు బార్ల (తాళం లెక్కలో చిన్న భాగాల) చక్రం ఒకటి అందరి తలలోనూ తిరుగుతూ ఉంటుంది. ఆది తాళం ఆవర్తనం తెలిసినవాళ్లకు ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. సోలో, అంటే తన వంతుగా ముందుకొచ్చి ఒక్కడే, వాయించేవాడు వరసను ఎంత వంచినా, ఎంత దూరం తీసుకెళ్లినా, చక్రంలో ఎక్కడున్నాడో అతనికీ తెలుసు, మిగతావాళ్లకూ తెలుసు. ఆ స్వేచ్ఛ వెనక ఏళ్ల తరబడి కంఠస్థం ఉంది. ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1928లో చేసిన రికార్డింగులు ఇవాళ విన్నా ఆశువుగా పుట్టినట్టే ఉంటాయి. ఆ ఆశువు కింద న్యూ ఆర్లీన్స్ వీధుల్లో చిన్నప్పటి నుంచి విన్న కవాతు పాటలూ, చర్చి పాటలూ ఉన్నాయి. వాక్యం నోటికి రాని యువకుడు ఆత్మ నడిపింపు పేరుతో చేసే ప్రార్థన అవే నాలుగు మాటల చుట్టూ తిరుగుతుంది. కీర్తనలు, సువార్తలు నోటికి వచ్చిన ముసలమ్మ చేసే ప్రార్థన ప్రతిసారీ కొత్తగా ఉంటుంది. విశ్వాసంలో మూలాన్ని మార్చే హక్కు ఎవరికీ లేదు. మూలం గుండెల్లో ఉన్నవాళ్లకే దాన్ని ఈ రోజు పరిస్థితికి తగ్గట్టు పలికించే చొరవ వస్తుంది.

అయితే ఒక్కడి నైపుణ్యం కన్నా సంఘానికి ఎక్కువ పనికొచ్చేది మిగతావాళ్లు ఏం చేస్తున్నారన్నది. ట్రంపెట్ సోలో నడుస్తుంటే పియానో మీద ఉన్నవాడు ఖాళీగా కూర్చోడు, అలాగని తన ప్రతిభ చూపించుకోడు. ట్రంపెట్ ఊపిరి తీసుకునే చోట ఒక కార్డ్ అందిస్తాడు, అది నిండుగా పలికే చోట చెయ్యి ఆపుతాడు. బేస్ వాయించేవాడి పేరు సభలో సగం మందికి గుర్తుండదు, కానీ అతను నాలుగు బార్లు ఆపితే అందరి కాళ్ల కింద నేల కదులుతుంది. సోలో అయ్యాక ట్రంపెట్ వెనక్కి జరుగుతుంది, శాక్సాఫోన్ ముందుకొస్తుంది.

పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి ఉత్తరం 14వ అధ్యాయం ఈ దృష్టితో చదివితే ఆశ్చర్యం వేస్తుంది. మీరు కూడినప్పుడు ఒకరి దగ్గర కీర్తన ఉంటుంది, ఒకరి దగ్గర బోధ ఉంటుంది అంటాడు. ప్రవచించేవాళ్లు ఇద్దరో ముగ్గురో మాట్లాడాలి, మిగతావాళ్లు విని వివేచించాలి. కూర్చున్న మరొకరికి ఏదైనా బయలుపరచబడితే మొదటివాడు మౌనం వహించాలి. ఆఖరి షరతు చాలా కఠినమైనది. మాట్లాడుతున్నవాడు ఆగాలి, ఎందుకంటే కూర్చున్నవాడి దగ్గర ఏదో ఉంది. మన సంఘాల్లో ఇది దాదాపు జరగదనే చెప్పాలి. మైకు ఎవరి చేతిలో ఉందో వాళ్లదే కూడిక. సాక్ష్యం చెప్పడానికి లేచిన పెద్దమ్మకు రెండు నిమిషాలు ఇచ్చి, మూడో నిమిషంలో కీబోర్డు మెల్లగా మొదలుపెట్టడం అందరూ చూసేదే. ఆ కీబోర్డు ఆమెకు వంత కాదు, ఇక చాలించమన్న సైగ.

పియానో వాద్యకారుడు హెర్బీ హాంకాక్ చాలాసార్లు చెప్పిన ఒక అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 1960ల్లో, తాను ఇంకా కుర్రవాడిగా ఉన్నప్పుడు, ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందంతో జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో వాయిస్తున్నాడు. మైల్స్ సోలో మంచి ఊపు మీదున్న చోట హాంకాక్ పూర్తిగా తప్పు కార్డ్ నొక్కాడు. సిగ్గుతో ముఖం కప్పుకోవాలనిపించిందట. మైల్స్ ఒక్క క్షణం ఊపిరి పీల్చి, ఆ తప్పు కార్డ్ ఒప్పు అనిపించే స్వరాలు ఎంచుకుని వాయించాడు. తాను తప్పని తీర్పు తీర్చుకున్నదాన్ని మైల్స్ జరిగిన ఒక సంగతిగా మాత్రమే తీసుకున్నాడని హాంకాక్ తర్వాత వివరించాడు. ఇది తప్పును చూసీచూడనట్టు వదిలేయడం కాదు. ఆ కార్డ్ వినపడింది, దాన్ని వెనక్కి తీసుకోలేరు. దాని తర్వాత వచ్చే స్వరం బాధ్యతను మరొకడు నెత్తిన వేసుకున్నాడు. చిన్న ఊరి సంఘంలో ఒకరి తప్పు అందరికీ తెలిసిపోతుంది. తెలిశాక ఆ మనిషిని కూడికలో ఎక్కడ కూర్చోబెడతారు, ప్రార్థన చేయమని మళ్లీ ఎప్పుడు పిలుస్తారు అన్న దగ్గరే క్షమాపణ అసలు రూపం బయటపడుతుంది.

జాజ్‌కూ సంఘానికీ మధ్య బంధం అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది చావు దగ్గర. పంతొమ్మిదో శతాబ్దం నుంచి న్యూ ఆర్లీన్స్‌లో నల్లవాళ్లు పరస్పర సహాయ సంఘాలు నడుపుకున్నారు. కూలి నాలి చేసుకునేవాళ్లు తలా కాస్త చందా కట్టేవాళ్లు. జబ్బు చేస్తే డాక్టరుకు, పోతే పూడ్చిపెట్టడానికి ఆ డబ్బు వాడేవాళ్లు. సభ్యుడి అంతిమయాత్రకు బ్రాస్ బ్యాండును మాట్లాడేది కూడా ఆ సంఘాలే. సమాధుల తోట దాకా బ్యాండు భక్తి గీతాలు చాలా నెమ్మదిగా, అడుగులో అడుగు వేస్తూ వాయిస్తుంది. భూస్థాపన అయి, కుటుంబానికి వీడ్కోలు చెప్పాక, కొంత దూరం వచ్చిన తర్వాత డ్రమ్ము తీరు మారుతుంది. పరిశుద్ధులు కవాతుగా వెళ్లే పాట హుషారుగా మొదలవుతుంది. బ్యాండు వెనక చేరి గొడుగులు, చేతిరుమాళ్లు ఊపుతూ నడిచే జనాన్ని సెకండ్ లైన్ అంటారు. వాళ్లలో చాలామంది చనిపోయినవాళ్లకు చుట్టాలు కారు, వాళ్లను ఎవరూ పిలవలేదు. పాట వినపడింది, వచ్చి కలిశారు. చిన్నప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ నడిచింది కూడా ఈ సెకండ్ లైన్‌లోనే.

మన బ్యాండు మేళం, వాళ్ల బ్రాస్ బ్యాండు రెండూ సైనిక బ్యాండుల నుంచి ఊళ్లోకి వచ్చినవే. ట్రంపెట్, క్లారినెట్, పెద్ద డ్రమ్ము ఇక్కడా ఉన్నాయి. పెళ్లి ఊరేగింపుకు వాయించే మేళమే క్రైస్తవుల అంతిమయాత్రలో కొన్నిచోట్ల కీర్తనల వరస వాయిస్తుంది. అంతకన్నా గట్టి పోలిక మరొకటి ఉంది. కొన్ని సంఘాల్లో ఆడవాళ్లు అన్నం వండే ముందు గుప్పెడు బియ్యం పక్కన తీసి ఆదివారం తెచ్చి ఇస్తారు. చావు ఇంటికి రాత్రి పాటలు పాడటానికి వెళ్లేవాళ్లు, గొయ్యి తవ్వేవాళ్లు, ఆదరణ కూడికకు వంట చేసేవాళ్లు ఉంటారు. పల్లెల్లో సమాధుల స్థలం దొరకడమే టెన్షన్‌గా మారుతున్న రోజుల్లో వీళ్ల విలువ మరింత తెలుస్తోంది. "సంతోషించు వారితో సంతోషించుడి, ఏడ్చువారితో ఏడువుడి" అన్న మాటను న్యూ ఆర్లీన్స్ ఒకే ఊరేగింపులో, ఒకే మధ్యాహ్నం చేసి చూపిస్తుంది. ఏడవాల్సిన దారిలో అక్కడి బ్యాండు హుషారు పాట వాయించదు. మన ఆరాధన మాత్రం ఈమధ్య ఏడుపును దాటేసి నేరుగా చప్పట్ల పాటకు వెళ్లిపోతోంది. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, చివర ఒక్క స్తుతి మాట కూడా ఉండదు. అయినా దాన్ని దేవుని వాక్యంలో ఉంచారు. బ్లూస్ తెలిసినవాళ్లకు ఆ కీర్తన ఎందుకు ఉందో వివరించనక్కర్లేదు. సూరత్‌కో హైదరాబాద్‌కో పనికి వెళ్లిన కొడుకు నుంచి ఫోన్ రాని తల్లి ఆదివారం వచ్చి కూర్చుంటే, ఆమె పాడగలిగిన పాట ఒక్కటైనా ఆ రోజు పాటల్లో ఉండాలి.

జాజ్ వాళ్లు నేరుగా దేవుడి కోసం కట్టిన సంగీతం కూడా తక్కువేమీ కాదు. జాజ్ బృంద నాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్ తన పవిత్ర కచేరీల్లో మొదటిది 1965లో శాన్ ఫ్రాన్సిస్కోలోని గ్రేస్ కెథడ్రల్‌లో చేశాడు. శాక్సాఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ 1964 డిసెంబరులో రికార్డు చేసిన 'ఎ లవ్ సుప్రీమ్' నాలుగో భాగంలో, తాను రాసుకున్న ప్రార్థనను శాక్సాఫోన్ మీద మాట మాటగా చదివాడు. కోల్ట్రేన్ భక్తి ఏ ఒక్క మతం గీతలోనూ ఇమడదు కాబట్టి అతన్ని మనవాడిగా చాటుకోవడం సరికాదు. పియానో వాద్యకారిణి మేరీ లూ విలియమ్స్ కథ ఇంకా దగ్గరగా ఉంటుంది. 1954లో పారిస్‌లో కచేరీ మధ్యలో పియానో ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. కొన్నేళ్లు వాయించడం మానేసి ప్రార్థనలో గడిపింది. 1957లో కాథలిక్ సంఘంలో చేరింది. మత్తుకు బానిసలై చితికిపోయిన తోటి వాద్యకారులను తన ఇంట్లో పెట్టుకుని చూసుకుంది. వాళ్ల కోసం పాత సామాన్లు అమ్మే దుకాణం నడిపింది. మళ్లీ వాయించమని ఆమెను ఒప్పించినవాళ్లలో ఫాదర్లు కూడా ఉన్నారు. ఆమె రాసిన జాజ్ పూజా సంగీతం 1975లో న్యూయార్క్ సెయింట్ పాట్రిక్స్ కెథడ్రల్‌లో వినిపించింది. ఆమె విశ్వాసం ముందు వంటింట్లో కనిపించి, తర్వాత పియానో మీదికి వచ్చింది.

ఈ సరిహద్దులో మరో ప్రశ్న కూడా ఉంది, భాష. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. పర్లాకిమిడి వైపు కెనడా బాప్టిస్టులు, కోరాపుట్ వైపు 1882లో వచ్చిన జర్మనీ లూథరన్లు పనిచేసిన చోట్ల తెలుగు, ఒడియా, గిరిజన భాషలైన సవర, కువి మాట్లాడేవాళ్లు ఒకే సంఘంలో, ఒకే సంతలో, ఒకే ఆసుపత్రి వరండాలో కలుస్తూనే ఉన్నారు. కొత్త తరం బడిలో ఒడియా చదువుతోంది. పాటల పుస్తకం తెలుగులో ఉంటే పిల్లలకు అక్షరాలు రావు, ఒడియాలోకి మార్చేస్తే అమ్మమ్మకు పాట దూరమవుతుంది. దీన్ని ఓట్లతో తేల్చబోయి చీలిపోయే ప్రమాదం ఉంది. జాజ్ చూపించే దారి వేరు. వరస అందరిదీ, సోలో వంతులవారీగా. పల్లవి తెలుగులో అందరూ పాడి, ఒక చరణం ఒడియాలో ఒకరు, ఒక చరణం సవరలో మరొకరు అందిస్తే, అర్థం కాని చరణం దగ్గర మిగతావాళ్లు చేయాల్సిన పని వినడం, పల్లవి రాగానే అందుకోవడం. తమకు అర్థం కాని చోట కూడా గౌరవంగా తాళం వేయగలగడం సహవాసానికి మంచి పరీక్ష.

ఇంత చెప్పాక జాజ్ హద్దు కూడా చెప్పాలి. జాజ్ బృందం తన మనుషులను తానే ఎంచుకుంటుంది, చేతకానివాళ్లను పంపించేస్తుంది. శాక్సాఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ పదిహేను పదహారేళ్ల వయసులో, 1936లో, కాన్సస్ సిటీలో పెద్దవాళ్ల మధ్య వాయించబోయి దారి తప్పితే డ్రమ్మర్ జో జోన్స్ ఒక తాళపు పళ్లెం అతని కాళ్ల దగ్గరికి విసిరాడని, సభంతా నవ్విందని చెబుతారు. పార్కర్ వెళ్లి కసిగా సాధన చేసి తిరిగొచ్చాడు, చరిత్రలో నిలిచాడు. అలా వెళ్లి తిరిగిరాలేకపోయినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. సంఘానికి ఈ పద్ధతి పనికిరాదు. శరీరంలో బలహీనంగా కనిపించే అవయవాలే మరీ అవసరమని పౌలు అన్నాడు. ఎప్పటికీ శ్రుతి కుదరనివాళ్లకు కూడా అక్కడ చోటుండాలి.

ఈ విషయంలో జాజ్ కన్నా దాని తల్లి దగ్గర, అంటే పంక్తి అందించి పాడే ఆ పాత పాట దగ్గర, ఎక్కువ దొరుకుతుంది. అమెరికాలో కొన్ని చర్చిల్లో అది ఇంకా ఉంది. వరస చాలా నిదానంగా కదులుతుంది, ఒకరు ముందు, ఒకరు వెనక, ఎవరి వంపు వాళ్లది. అందరూ ఒకే స్వరం మీద కచ్చితంగా నిలబడాలన్న పట్టింపు లేదు కాబట్టి ఎవరి గొంతూ అడ్డం కాదు. గుణుపురం వైపు గృహ కూడికల్లో ఇప్పటికీ దాదాపు ఇదే జరుగుతుంది. ఒకామె పల్లవి మరీ పైశ్రుతిలో ఎత్తుకుంటుంది. రెండో పంక్తికల్లా ఇద్దరు ముగ్గురు దాన్ని మెల్లగా కిందికి దించుతారు. డోలక్ మూడో పంక్తిలో అందుకుంటుంది. అరుగు మీద కూర్చున్న ముసలాయన ఒక మాట ఆలస్యంగా పాడుతూనే ఉంటాడు, ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. ఆదివారం ఆరాధనలోనూ దీనికి చోటివ్వడానికి కొత్త పరికరమేదీ కొనక్కర్లేదు. రెండో చరణానికి ట్రాక్ ఆపేయాలి, వేదిక మీది మైకులు తగ్గించాలి, కీబోర్డు వాయించే కుర్రవాడికి చేతులు తీసేయాల్సిన చోటు నేర్పాలి. మొదటి రెండు మూడు వారాలు పాట పలచగా, తడబడుతూ ఉంటుంది. సంఘ పెద్దలు అప్పుడు కంగారుపడి స్పీకరు మళ్లీ పెంచకుండా ఉండటమే ఇందులో కష్టమైన భాగం.